మావాడి ఇసుక సంచులు

2025 ఉగాది నాడు మన సమాజం సభలో, బహుమతుల పంపకానికి ముందు, వేదిక మీద నుంచి చెవులు మూసుకొని కేకలు పెడుతూ దిగి పరుగెత్తిన కుర్రవాడు మా చిన్నవాడు. వాడి వెనుక పరుగెత్తబోయి కుర్చీ తగులుకొని బోర్లా పడిన పెద్దమనిషిని నేను. సభలో ఒక్కరూ నవ్వలేదు. అందుకు ముందుగా అందరికీ నమస్కారాలు. ఆ తరువాత చాలామంది బజారులోనూ, ఆఫీసు మెట్ల దగ్గరా నన్ను ఆపి, "అబ్బాయికి ఎలా ఉందండీ? ఇంతకీ ఆ రోజు వాడిచేత ఏం చేయిద్దామనుకొన్నారు?" అని అడిగారు. అది నిలబడి చెప్పే కథ కాదు. "తీరిగ్గా చెబుతాను లెండి" అని తప్పించుకొన్నాను. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

నేను రాతపనివాణ్ణే గాని రచయితను కాను. మెట్రిక్యులేషనుతో చదువు ఆగింది. నాన్నగారు ఉద్యోగంలో ఉండగానే పోతే, ఆ జాలి మీద గుమాస్తా పని దొరికింది. ఇరవై నాలుగేండ్లుగా ఫైళ్ళ మీద నేను రాసిన వాక్యాలన్నీ ఒకే రకం. "తమ దయగల ఆజ్ఞలకై సమర్పించడమైనది" అన్న ధోరణి ఇందులో కూడా ఎక్కడైనా తొంగిచూస్తే మన్నించండి.

మావాడికి ఇప్పుడు పదిహేడేండ్లు. వాడికి ఆటిజం. మూడున్నరేండ్ల వయస్సున, 2012లో, ఆ మాట మొదటిసారి విన్నాము. అప్పటికి మాకు తెలిసినదల్లా వాడు పిలిస్తే పలకడు, కళ్ళలోకి చూడడు, వాళ్ళమ్మ కుట్టుమిషను చక్రం తిరుగుతుంటే దాని ముందు నుంచి కదలడు, అంతే. "మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే" అని బంధువులు ఇచ్చిన ధైర్యంతో అప్పటికే ఒక ఏడాది పోగొట్టుకొన్నాము. ఇది ఒకరి శాపమూ కాదు, తల్లి పెంపకంలో లోపమూ కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లలను చూచి దీన్ని గురించి రాశాడు. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అనే ఆయన తాను చూచిన పిల్లలను గురించి రాస్తూ, వాళ్ళ ఒంటి కదలికలు కూడా మొరటుగా, పొందిక లేకుండా ఉంటాయని చెప్పాడు. అయితే ఇన్నేండ్లలో మాకు వాడి మాటను గురించి చెప్పినవారే గాని, వాడి ఒంటిని గురించి చెప్పినవారు లేరు. మేమూ అడగలేదు.

మాట అన్నాను గనుక ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మొదట్లో ఒకరు, "ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా అయితే పిల్లవాడు తికమకపడతాడు, తెలుగు మానేయండి" అన్నారు. ఆరు నెలలు మానేశాము. మా అమ్మకు మనుమడితో మాట్లాడడానికి మాటే లేకుండా పోయింది. 1936లో గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసినప్పుడు కూడా మా తాతల ఇంట్లో పోని తెలుగు, ఈ బరంపురంలో నా చేతుల మీదుగా పోతున్నదని ఆమె ఏడ్చింది. రెండు భాషలు వినడం వలన ఇటువంటి పిల్లల మాటకు చెరుపేమీ లేదని తరువాతి పరిశోధనలు చూపాయి. మన పత్రిక చదివే చిన్న వయస్సు తల్లిదండ్రులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. మావాడికి ఇప్పుడు ఒక నలభై మాటలున్నాయి, సగం తెలుగు, సగం ఒడియా. ఎవరితో ఏ మాట వాడాలో వాడికి నాకంటే బాగా తెలుసు.

ఇక ఒంటి సంగతి. వాడు తెల్లగా ఉన్నదే తింటాడు. అన్నం, ఇడ్లీ, పెరుగు, మరమరాలు. కూర పళ్ళెంలో పెడితే పళ్ళెం గోడకు వెళుతుంది. పన్నెండేండ్లప్పుడు తలను గోడకేసి కొట్టుకోవడం ఎక్కువైతే డాక్టరుగారు ఒక మందు ఇచ్చారు. కొట్టుకోవడం తగ్గింది గాని ఆకలి రెట్టింపయింది. ఆ మందుకు ఆ గుణమున్నదని ఆయన ముందే చెప్పారు కూడా. మందు వల్ల మేలు ఉన్నది గనుక మానలేదు, ఎవరినీ మానమని చెప్పను. వాడు బడికి పోవడం మానేశాడు, ఇంట్లో కూర్చున్నాడు, పదిహేనో ఏట ఎనభై ఎనిమిది కిలోలైనాడు. మేము ఏమి చేశాము? అన్నీ అందించాము. మా అమ్మ ముద్దలు కలిపి నోట పెట్టేది. నేను చెప్పులు తొడిగేవాణ్ణి. వాళ్ళమ్మ నీళ్ళు పోసేది. ప్రేమతోనే చేశాము. అందులో కొంత తొందర కూడా ఉన్నదని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను. వాడు చొక్కా తొడుక్కోవాలంటే పావుగంట, నేను తొడిగితే ఒక్క నిమిషం. ఆఫీసు పది గంటలకు గదా.

2024 ఫిబ్రవరిలో మా అప్ప కూతురి పెండ్లికి రైలులో బయలుదేరాము. దిగవలసిన స్టేషనులో దిగి ఓవర్‌బ్రిడ్జి ఎక్కాము. మావాడు రొప్పుతూనైనా ఎక్కాడు. అవతలివైపు దిగవలసి వచ్చేసరికి పైమెట్టు మీద కూలబడ్డాడు. బతిమాలాను, మరమరాలు చూపించాను, కసిరాను, చేయి పట్టి లాగాను. ఎనభై ఎనిమిది కిలోలు. నా నడుములో ఏదో పట్టేసింది, నేనూ కూలబడ్డాను. అటు పోయేవాళ్ళు నలుగురు, మంచివాళ్ళే, కాళ్ళూ చేతులూ పట్టి లేపబోయారు. వాడు అరచి ఒకాయన చేయి కరిచాడు. "ఇలాంటివాణ్ణి బయటికెందుకు తెస్తారండీ" అన్నాడాయన రక్తం తుడుచుకొంటూ. గంటా నలభై నిమిషాలు అక్కడ కూర్చున్నాము. చివరకు జనం పలచబడ్డాక వాడంతట వాడే, కూర్చునే, ఒక్కొక్క మెట్టూ జారుతూ దిగాడు. ముహూర్తం దాటిపోయింది. అప్ప ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టమనిపించింది.

ఆ రాత్రి నడుముకు కాపడం పెట్టించుకొంటూ లెక్క వేసుకొన్నాను. నాకు నలభై ఐదు. వాడికి పదిహేను. మరో పదిహేనేండ్లకు నాకు అరవై, వాడికి ముప్పై. అప్పుడు వాణ్ణి లేపేదెవరు? ఈ లెక్క ఇటువంటి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ రాత్రిపూట వేస్తారు. పైకి చెప్పుకోరు.

వ్యాయామం చేయించాలని తోచింది. నాకు తెలిసిన వ్యాయామమంటే నాన్నగారు చెప్పిన కోడి రామమూర్తినాయుడుగారి కథలే. వీరఘట్టం నుంచి బయలుదేరి, ఏనుగును రొమ్ము మీద ఎక్కించుకొన్నాడని లోకమంతా చెప్పుకొన్న ఆ మల్లుడు 1942లో మన ఒడిశాలోనే, బలాంగీరులో, కన్నుమూశాడు. అందుచేత వ్యాయామమంటే దండీలు, బస్కీలు, కేకలు అనుకొన్నాను. ఒక జిమ్ములో డబ్బు కట్టి మావాణ్ణి తీసుకుపోయాను. చెవులు పగిలే పాటలు, నాలుగు గోడలా అద్దాలు, ఇనుము కింద పడేసిన చప్పుడు, చెమట కంపు. మావాడు గుమ్మంలోనే వెనుదిరిగాడు. రెండో రోజు లోపలికి నెట్టుకుపోతే నేల మీద పడి దొర్లాడు. మూడో రోజు వాళ్ళు డబ్బు తిరిగి ఇచ్చేశారు. ఫోనులో చూచి ఇంట్లో నేనే బస్కీలు తీయించబోయాను. "కూర్చో, లే" అనగానే వాడు రెండు చేతులతో చెవులు పట్టుకొని ఏడవసాగాడు. ఆరు నిమిషాల తరువాత గాని నాకు వెలగలేదు. చిన్నప్పుడు ఒక బడిలో వాడిచేత గుంజీలు తీయించేవారు. ఏ తప్పుకో వాడికి ఎన్నడూ తెలియదు.

ఇక మానేద్దామనుకొంటున్న రోజుల్లో ఒక అబ్బాయి, వాళ్ళమ్మ పట్టుచీరకు ఫాల్ కుట్టించడానికి మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ ఆ పని చేస్తుంది. ఒడియా అబ్బాయి, పాతికేండ్లుంటాయి, వ్యాయామవిద్య చదివాడు. వాళ్ళ తమ్ముడికి కూడా ఇదే. చీర సంగతి మరచి మావాడి పక్కన నేల మీద కూర్చున్నాడు. పలకరించలేదు, చేయి పట్టుకోలేదు. పోతూ పోతూ, "మౌసా, రేపు పొద్దున్న ఆరింటికి రానా?" అన్నాడు. మొదట అడిగినది మూర్ఛలు ఉన్నాయా అని. ఇటువంటి పిల్లల్లో మూర్ఛలు తక్కినవాళ్ళలో కంటే ఎక్కువట. మాకు లేవు. అయినా డాక్టరుగారిని అడిగి, వాడుతున్న మందు చీటీ చూపించి, ఆయన సరేనన్న తరువాతనే మొదలుపెట్టాడు.

మూడు రోజులు వాడిచేత ఏమీ చేయించలేదు, చూచాడు. నాకు లోపల విసుగు. నాలుగో రోజు చెప్పాడు. వీడు కుర్చీలో కూర్చోడు, పడతాడు. లేచేటప్పుడు చేతులతో నెట్టుకొని లేస్తాడు. తొడల్లో బలం లేదు. ముని వేళ్ళ మీద నడుస్తాడు. తన పాదం ఎక్కడ ఉందో చూస్తే గాని వాడికి తెలియదు. "మీ ఓవర్‌బ్రిడ్జి మీద వాడు మొండికేయలేదు, మౌసా. దిగేటప్పుడు ఒక కాలి మీద ఒళ్ళంతా ఆపి రెండో కాలు కనబడని చోటికి దించాలి. వాడికి అది బావిలోకి దిగినట్టు ఉండి ఉంటుంది. అందుకే కూర్చుని దిగాడు" అన్నాడు. నేను వాడి తండ్రిని. ఆ గంటా నలభై నిమిషాలూ వాడి పక్కనే కూర్చున్నాను. నాకు తోచలేదు.

ఈ అబ్బాయి తన తమ్ముడి కోసం ఫోనులో చూచి ఎన్నో నేర్చుకొన్నాడు. అమెరికాలో న్యూయార్కు ప్రాంతంలో ఎరిక్ చెస్సెన్ అనే శిక్షకుడు ఆటిజం ఉన్నవారి వ్యాయామానికే ఒక పద్ధతి ఏర్పరచాడట. అందులో ముఖ్యం మూడు సంగతులను విడివిడిగా చూడడం. ఆ పని చేయడానికి ఒంట్లో శక్తి ఉన్నదా? చేయడానికి మనసు ఒప్పుకొంటున్నదా? చెప్పినది అర్థమయిందా? మనం ఈ మూడింటినీ ఒక ఫైలులో పెట్టి "మొండివాడు" అని పైన రాసేస్తాము. నేను పదిహేనేండ్లు అలాగే రాశాను. మావాడికి బంతి విసరడానికి బలం ఉన్నది, ఇష్టమూ ఉన్నది, "విసురు" అంటే ఏమిటో తెలియదు. అదే మెట్టు దిగడం దగ్గర అర్థమవుతుంది, ఒంటికి చేతకాదు. రెండింటికీ మందు ఒకటి కాదు గదా.

సామానేమీ కొనలేదు. ఎదురింటి కట్టుబడికి తెచ్చిన ఇసుక మేస్త్రీని అడిగి పుచ్చుకొన్నాము. గోనెసంచి మావాడి చేతులకు గుచ్చుకొంటుంది, ముట్టడు. అందుచేత మా ఆవిడ నా పాత ఆఫీసు ప్యాంట్ల కాళ్ళు కత్తిరించి, రెండువరుసల కుట్టు వేసి, లోపల ప్లాస్టిక్ సంచిలో ఇసుక పోసి సంచులు కుట్టింది. కిరాణా కొట్టులో తూపించి రెండు, నాలుగు, ఆరు కిలోలవి చేశాము. ఇసుక సంచికి ఒక మంచి గుణమున్నది. దొర్లిపోదు, కాలి మీద పడినా దెబ్బ తగలదు, పట్టుకొంటే చేతిలో ఒదుగుతుంది. పాత బావి తాడు ఒకటి, ఇటుకలు నాలుగు, మా అమ్మ వంటింటి పీట ఒకటి. ఇదే మా తాలింఖానా.

గుంజీల భయం పోగొట్టడానికి "కూర్చో, లే" అన్న మాటలే మానేశాడు. వెనక పీటను ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, చేతికి రెండు కిలోల సంచి ఇచ్చి, "ధర" అన్నాడు, అంటే పట్టుకో అని. రెండు చేతుల్లోనూ సంచి ఉంటే చెవులు పట్టుకోవడానికి చేతులేవీ? పీట తగిలేదాకా వంగి లేచాడు. ఒక్కసారి. "సరిలా" అన్నాడు అబ్బాయి, అయిపోయిందని. నేను ఇంకా మొదలే కాలేదనుకొంటుంటే ఆ రోజుకు అయిపోయింది! "ఏడిచి ఆపితే రేపు ఏడుపుతో మొదలవుతుంది మౌసా, బాగుండగానే ఆపాలి" అన్నాడు. వారం తరువాత మూడు సార్లు, నెల తరువాత ఐదు. పీట కింది ఇటుకలు ఒక్కొక్కటే తీసివేశాడు, ఎత్తు తగ్గింది, తొడకు పని పెరిగింది. లెక్క మావాడికి రాదు. అందుకని ఒక గిన్నెలో ఐదు చింతపిక్కలు. ఒకసారి చేయగానే ఒక పిక్క రెండో గిన్నెలోకి. మొదటి గిన్నె ఖాళీ అయితే పని అయినట్టు. ఎంతసేపో తెలియక పోవడమే వాడికి అసలు భయమని అప్పుడు గ్రహించాను. నాకూ ఆఫీసులో అంతేగదా, ఎన్ని ఫైళ్ళున్నాయో తెలిస్తే కూర్చోగలను, తెలియకుండా ఒక్కొక్కటే పంపితే మతిపోతుంది.

పిక్కలతో పాటు బొమ్మలు. సంచి మోయడం, తాడు లాగడం, బంతి విసరడం, ఇటుకలు దాటడం, మోకాళ్ళు ఎత్తి చేతులూ కాళ్ళూ నేల మీద ఆన్చి ఎలుగుబంటిలా నడవడం, వీటిని మావాడు చేస్తుండగా ఫోటోలు తీయించి, అట్టలకు అంటించి, తలుపు మీద వరుసగా పెట్టాము. ఒకటి అయితే ఆ అట్ట తీసి డబ్బాలో వేయాలి. చివరి అట్ట మీద కుట్టుమిషను చక్రం. ముందు పని, తరువాత రెండు నిమిషాలు చక్రం తిప్పుకోవడం. ఇలా బొమ్మలతో దినచర్య చూపే పద్ధతి ఉత్తర కరోలినాలో ఎరిక్ షోప్లర్ అనే ఆయనా, ఆయనతో పనిచేసినవారూ 1960ల నుంచీ పెంచుకొంటూ వచ్చినది. ఈయన కూడా ఎరిక్కే, పేరు మహిమ కాబోలు.

మావాడి వ్యాయామం కంటే నా వ్యాయామం కష్టమైనది. నేను ఊరుకోలేను. "లే నాన్నా, లే బాబూ, ఇంకొక్కసారి, మా బంగారం కదూ, చూడు ఎంత బాగా చేస్తున్నావో" అని నోరు ఆడుతూనే ఉంటుంది. అబ్బాయి ఒకనాడు నన్ను పెరట్లోకి పిలిచి, "ఒక్క మాట చెప్పండి, తరువాత మనసులో పది లెక్కపెట్టండి. మీరు మళ్ళీ చెబితే వాడు మళ్ళీ మొదటి నుంచి వినాలి" అన్నాడు. పది లెక్కపెట్టడం ఎంత కష్టమో చేసి చూడండి. ఏడు, ఎనిమిది దగ్గర వాడు కదిలేవాడు. ఇన్నేండ్లూ నేను నాలుగు దగ్గరే చేయి పట్టి లాగేస్తూ వచ్చాను.

మా అమ్మకు మొదట్లో ఇదంతా గిట్టలేదు. "పిల్లడిచేత మూటలు మోయిస్తారేటర్రా? కూలికి పంపుతారేటి?" అని వంటింట్లోంచి దండకం. నిజానికి మూట మోయడమే వాడికి అన్నిటికంటే నచ్చింది. బరువు గుండెకు హత్తుకొని నడిచిన తరువాత వాడి చేతుల ఊపు కొంతసేపు తగ్గుతుంది, ముఖం స్థిమితపడుతుంది. వ్యాయామం తరువాత ఇటువంటి తిరుగుడు చేష్టలు కొంతసేపు తగ్గుతాయని కొన్ని పరిశోధనల్లోనూ తేలింది. ఇది ఆటిజానికి చికిత్స కాదు, అలా చెప్పి డబ్బు గుంజేవాళ్ళుంటే నమ్మకండి. నాలుగో నెలలో ఒక సాయంత్రం మంచినీళ్ళ డబ్బా, పది లీటర్లది, గుమ్మంలో ఉంటే వాడంతట వాడే రెండు చేతులా ఎత్తి తెచ్చి వంటింట్లో పెట్టి, "సరిలా" అన్నాడు. మా అమ్మ చాలాసేపు ఆ డబ్బా వైపే చూచింది. దండకం ఆగింది.

ఇక్కడికి మీరు చూచిన ఉగాది వస్తుంది. మావాడు ఆరు కిలోల సంచి తల మీదికి ఎత్తి ఇరవై అడుగులు నడుస్తున్న రోజులవి. సమాజం పెద్దలు పిల్లల కార్యక్రమాల జాబితా రాస్తుంటే నేనే పోయి వాడి పేరు ఇచ్చాను. అబ్బాయి వద్దన్నాడు. "అక్కడ మైకుంటుంది, జనముంటారు, పీట ఉండదు, తలుపుండదు." నేను వినలేదు. ఓవర్‌బ్రిడ్జి మీద ఆ మాట అన్నాయన ఎవరో నాకు తెలియదు, ఆయన మన సభలో ఉండే అవకాశమూ లేదు. అయినా ఆయనకు చూపించాలనే వాణ్ణి వేదిక ఎక్కించాను. మైకు ఒక్కసారి కీచుమన్నది. తరువాతది మీకు తెలుసు. మీకు తెలియనిది ఇంటికి వెళ్ళాక జరిగింది. వాడు వాళ్ళమ్మను కొట్టాడు, అంతకు ముందు ఎన్నడూ కొట్టనివాడు. తలుపు మీది అట్టలన్నీ చించాడు. ఇసుక సంచులు పెరటి గోడ అవతల పారేశాడు, ఆరు కిలోలది కూడా. అంత బాధలోనూ, ఎంత బలం వచ్చింది వీడికి అని ఒక్క క్షణం అనిపించింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మూడు వారాలు సంచి పేరెత్తితే గదిలోకి పోయేవాడు. అబ్బాయి నన్ను కోప్పడలేదు. రోజూ ఆరింటికి వచ్చి, పెరట్లో కూర్చొని, తానే రెండు కిలోల సంచి మోస్తూ అటూ ఇటూ తిరిగి పోయేవాడు. ఇరవై మూడో రోజున మావాడు వచ్చి పీట దగ్గర నిలబడ్డాడు. మళ్ళీ రెండు కిలోలు, ఒక్కసారి, సరిలా. తొమ్మిది నెలల పనిని మొదటి పుట నుంచి తిరగరాసినట్టయింది. తప్పు నాది గనుక తిరగరాతలో నేనూ కూర్చున్నాను. వాడు ఐదు చేస్తే నేనూ ఐదు. నా మోకాళ్ళు వాడి మోకాళ్ళ కంటే ఎక్కువ చప్పుడు చేస్తాయి, ఆ చప్పుడుకు వాడు నవ్వుతాడు.

మెట్ల పని ఆ తరువాత మొదలయింది. మొదట నేల మీద సుద్దగీత, తరువాత ఒక ఇటుక, తరువాత రెండు. మెట్టు అంచున ఎర్రరంగు గుడ్డపట్టీ అంటిస్తే అంచు ఎక్కడో వాడికి తెలిసింది. దసరా దాటాక, తెల్లవారుజామున జనం లేని వేళ రామలింగం చెరువుకు తీసుకుపోయి మెట్లు దింపాము. ఒక చేయి గోడకు, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి, ఆగి, మళ్ళీ. నేను పక్కన నోరు మూసుకొని పది లెక్కపెడుతూ నిలబడ్డాను. స్టేషను ఇంకా ప్రయత్నించలేదు. ఆ తొందర లేదు.

లెక్కలు అడిగేవారి కోసం. ఎనభై ఎనిమిది కిలోలు ఎనభై ఒకటైనాయి, పెద్ద తగ్గుదలేమీ కాదు. రాత్రి రెండింటికి లేచేవాడు నాలుగు దాకా పడుకొంటున్నాడు. కోపం వచ్చినప్పుడు తల కొట్టుకోవడం ఇంకా ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఐదు నుంచి పదిహేడేండ్లవారికి రోజుకు సగటున అరవై నిమిషాల శ్రమ ఉండాలన్నది, అంగవైకల్యం ఉన్నవారికీ అదే కొలత. మావాడు సంచులతో పాతిక నిమిషాలు, నడక ఒక పావుగంట. ఆఫీసు భాషలో ఇంకా బకాయి ఉన్నది. దాహమయిందని వాడు చెప్పడు, వాడికి తెలియదు కూడా. అందుకని అట్టల మధ్య నీళ్ళగ్లాసు అట్ట ఒకటి పెట్టాము. మన ఊరి ఉక్కలో ఇది మరవకూడదు.

కాగితాల పని నా వృత్తి గనుక ఒక్క మాట. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉండేవి, ఆటిజం లేదు. 2016 చట్టంలో ఇరవై ఒకటి చేశారు, అందులో ఆటిజం ఉన్నది. ఆ చట్టం ముప్పయ్యో సెక్షను, వీళ్ళు ఆటల్లో పాల్గొనడానికి ప్రభుత్వం ఏర్పాట్లు చేయాలంటున్నది. కేంద్రప్రభుత్వపు నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ అనే ఆరోగ్యభీమా లక్ష రూపాయల వరకూ ఉన్నది. దరఖాస్తు నింపడానికి భయపడేవారు ఆదివారం నా దగ్గరికి రండి, ఆ విద్య మాత్రం నాకు వచ్చు.

అసలు ఈ వ్యాసం రాయడంలో నా స్వార్థం ఒకటున్నది. మన సమాజంలో ఇటువంటి పిల్లలున్న ఇండ్లు మరో రెండు మూడు ఉన్నాయని నాకు తెలుసు. వాళ్ళను పెండ్లిళ్ళలో చూడము. మా పెరట్లో ఇప్పుడు సంచులు తొమ్మిది ఉన్నాయి, మావాడు ఒక్కడే. అబ్బాయి తన తమ్ముణ్ణి కూడా వచ్చే నెల నుంచి తెస్తానన్నాడు. ఉదయం ఆరు నుంచి ఆరుంపావు లోపల ఎవరైనా రావచ్చు, ముందు రోజు ఒక మాట చెబితే మీ పిల్లవాడి ఫోటోతో మా ఆవిడ ఒక అట్ట చేసి ఉంచుతుంది. గుమ్మం దగ్గర గట్టిగా పలకరించకండి, నేరుగా పెరట్లోకి వచ్చేయండి. ఏడింటికి మా ఇంట్లో కుక్కరు పెడతారు, ఈల మోగితే మావాడు గదిలోకి పోతాడు. ఆ లోపల పని కానిచ్చుకొందాము.